గోపాలస్వామి తోటలో స్టూడియో లైటు

ఆ ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ గోపాలస్వామి ఒక నిర్ణయానికి వచ్చాడు. సాయంత్రం బావమరిది వెంకటపతి భోజనానికి వస్తున్నాడు. మద్రాసు చూలైలో కలప వ్యాపారం చేసే ఆ పెద్దమనిషి, ఊరి చివర కోడంబాక్కంలో ఇల్లు కట్టుకున్న పాపానికి చెల్లెలి మొగుణ్ణి నలుగురిలోనూ "అడివి బావ" అని పిలుస్తాడు. ఇవాళ ఆ నోరు మూయించాలి. అందుకు తోటలో చామంతుల చుట్టూ లైట్లు వెలగాలి.

వైరింగు మేస్త్రీ వచ్చి, తోటంతా కలయదిరిగి, పైపులన్నాడు, స్తంభాలన్నాడు, చివరికి ఖర్చు చెప్పాడు. గోపాలస్వామికి పొలమారింది.

"ఆ డబ్బుతో ఇల్లంతా సున్నం కొట్టించచ్చు. చామంతులు పగలు చూస్తే చాలదా?" అంది భార్య పుష్పవల్లి.

"పగలు మీ అన్న రాడే!"

పక్కింటి అరుముగం గోడ మీదుగా తల ఎత్తాడు. సినిమా స్టూడియోలో లైట్లు పట్టే మనిషి. "ఒక్క పూటకు అంత కర్చెందుకు సార్? మా స్టూడియోలో లైటొకటి ఊరికే పడుండాది. మేనేజరునడిగి తెస్తా. దమ్మిడీ అక్కర్లే."

గోపాలస్వామి పొంగిపోయాడు.

చీకటి పడుతుండగా లైటు వెలిగింది. చామంతులు బంగారంలా మెరిశాయి. ఆ వెలుగు వీధి చివరిదాకా పోయింది. కోడంబాక్కంలో అటువంటి వెలుగుకు ఒక్కటే అర్థం. చూస్తుండగానే గేటు ముందు జనం మూగారు.

"ఎవురొస్తా ఉండారు సార్?" అని అడిగింది పూలమ్మే మునెమ్మ.

"షూటింగేమీ లేదమ్మా! మా బావమరిది బోంచేయడానికొస్తా ఉండాడు, అంతే."

మునెమ్మ జనం వైపు తిరిగింది. "లేదంటా ఉండాడంటే చానా పెద్ద స్టారే! చిన్నోళ్ళయితే వీళ్ళే చెప్పేస్తారు."

గోపాలస్వామి చేతులు అడ్డం పెట్టి "లేదు, లేదు" అని అరిచినకొద్దీ జనానికి నమ్మకం పెరిగింది. గేటు ఊడింది. చామంతులు కాళ్ళ కింద నలిగాయి. వాటిని బిడ్డల్లా పెంచిన పుష్పవల్లికి ఏడుపొచ్చింది. గోపాలస్వామికి పైప్రాణాలు పైనే పోయాయి. అడవి నయం, ఇప్పుడు బావమరిది చూడబోయేది సంత.

సరిగ్గా అప్పుడే వెంకటపతి జట్కా దిగాడు. పట్టు లాల్చీ, జరీ ఉత్తరీయం, మెలితిప్పిన మీసం.

"జమీందారు వేషం!" అని ఎవరో కేకేశారు. ఈలలు, చప్పట్లు. మునెమ్మ బుట్టలోంచి దండ తీసి ఆయన మెడలో వేసింది. అరుముగం చేతులు ఊరుకోలేదు, లైటును ఆయన ముఖం మీదికి తిప్పాడు. వెంకటపతి ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే సర్దుకుని, అటూ ఇటూ నమస్కారాలు పెడుతూ నలిగిన చామంతుల మీదుగానే నడిచి వచ్చాడు.

భోజనం దగ్గర ఆయన కళ్ళు చెమర్చాయి. "బావా, తప్పు నాదే. చూలైలో ఇన్నేళ్ళుండా, ఒక్కడన్నా దండం పెట్టినాడా? ఈడ మనుషులకు మర్యాద తెలుసు."

గోపాలస్వామికి తినకుండానే కడుపు నిండిపోయింది. "మీ అన్నకు ఇంకొంచెం పాయసం వెయ్యవే!"

"ఆ పక్క స్థలం కాలీగా ఉండాదే, ఎవురిది? రేపే బేరం మాట్లాడి ఇల్లు కట్టేస్తా. దినామూ సాయంత్రం నీ తోటలోనే కూసుందాం."

పుష్పవల్లి సంతోషంలో చామంతుల మాటే మరిచిపోయింది. గోపాలస్వామి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఆయన తాపీ మేస్త్రీని పిలిపించి, అటువైపు గోడ ఎంత ఎత్తుదాకా లేపవచ్చో అడిగాడు.