నమూనాకి ఒక పేరు

మరణ ధ్రువపత్రం కోసం జనం నాలుగు కిటికీల చుట్టూ తిరగకుండా ఒకే ఫారం తయారుచేయాలని బిష్కెక్‌లోని ఓ రిజిస్ట్రేషన్ ఆఫీసు బెర్మెత్‌ని పెట్టుకుంది. ఆ బుధవారం ఉదయం ఆమె నర్సునీ, గుమాస్తానీ, ప్రోగ్రామర్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరి పని ఏమిటో మిగతావాళ్లకి చెప్పమంది. నమూనాకి ఒక పేరు కావాలి. వివరాలన్నీ నోటికి వచ్చు కదా అని తన తండ్రి ఒముర్బెక్ పేరు రాసింది.

ప్రోగ్రామరు ఎమిల్‌కి నమూనా అంటే కంప్యూటర్లోకి ఎక్కించి చూడాల్సింది. ఎక్కించాడు. గుమాస్తా జూరాకి, కంప్యూటర్లోకి వచ్చిందంటే ముద్ర వేయాల్సిందే. వేసింది. ఇక నర్సు సైకాల్ లెక్కలో నమూనా ఎప్పుడూ నిజం మనిషి నుంచే తీస్తారు. ఒముర్బెక్ ఇల్లు ఆమె వీధిలోనే. పాపం, పిల్ల తండ్రి పోయిన దుఃఖం దిగమింగి పనిచేస్తోందనుకుని, బెర్మెత్‌ని కదపకుండా బంధువులందరికీ తనే ఫోన్లు చేసింది.

మధ్యాహ్నం తండ్రి నుంచి ఫోన్.

"అమ్మాయ్, మన వాకిట్లో గుడారం వేస్తున్నారు. ఎవరు పోయారే?"

బెర్మెత్ పరుగెత్తుకొచ్చేసరికి చావు భోజనానికి గొర్రెని కోశారు, రొట్టెలు వేయించడానికి నూనె కాగుతోంది. ఏడుస్తూ వచ్చినవాళ్లకి ఒముర్బెక్ టీ పోస్తున్నాడు.

"నువ్వు లోపల పడుకో బాబాయ్, జనం జడుసుకుంటున్నారు," అన్నాడు బెర్మెత్‌కి అన్న వరసయ్యేవాడొకడు.

బెర్మెత్ తండ్రి చేతులు పట్టుకుంది. "తప్పయిపోయింది నాన్నా. గుడారం విప్పించేస్తాను."

"సాయంత్రం దాకా ఉండనీ. నరీన్ బస్సు ఐదింటికి."

నరీన్‌లో ఉండేది పెదనాన్న జుమాష్. పొలం పంపకాల్లో మాటా మాటా పెరిగి, అన్నదమ్ములు పదకొండేళ్లుగా మాట్లాడుకోలేదు.

"ఆయనకి కబురు తెలుసా?"

"సైకాల్ మొదట ఆయనకే చేసిందట. 'సరే' అని పెట్టేశాడట."

ఒముర్బెక్ ఉతికిన టోపీ పెట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. వీధి చివర బస్సు వచ్చి ఆగింది, దిగినవాళ్లు ఎవరి దారిన వాళ్లు పోయారు. చీకటి పడుతుంటే ఆయనే లేచి గుడారం తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు తను బతికే ఉన్నానని రాసివ్వడానికి ఆయన ఆఫీసుకి వచ్చాడు. జూరా తల ఎత్తలేకపోయింది.

"క్షమించండి బాబాయ్. రక్తసంబంధీకుల సంతకం కావాలి. బెర్మెత్ ఈ ఆఫీసు మనిషి, ఆమె సంతకం పనికిరాదు. అన్నదమ్ములున్నారా?"

"లేరు."

"పోయారా?"

"మా అన్న బతికే ఉన్నాడమ్మా. ఆయనకి నేనే పోయాను."

జూరా కలం పట్టుకుని బెర్మెత్ వైపు చూసింది. ఆమె తయారుచేసిన ఫారంలో దానికి గడి లేదు.