నీళ్ల ఆఫీసు కొండ పరుగు

ఉద్యోగులను ఏడాదికొకసారి కొండల మీదికి తరమాలి!

సరదాకి అనడం లేదు. నిజంగానే తరమాలి. జీతం తీసుకుంటున్న ప్రతివాణ్ణీ, పైనుంచి కిందిదాకా, ఒక ఆదివారం తెల్లారగానే కొండ దగ్గరికి తోలుకుపోయి, ఈల ఊది "ఇక పదండి" అనాలి. ముళ్లపొదలు, జారుడు రాళ్లు, మడమల దాకా బురద... ఏదీ తప్పించకూడదు. దీన్నే క్రాస్ కంట్రీ పరుగు అంటారు. మనకు పట్టిన రోగాల్లో సగానికి ఇదే మందని ఘంటాపథంగా చెబుతున్నాను. ప్రమాణం చేయమంటే చేస్తాను. మోకాళ్ల మీద కూర్చుని మాత్రం చేయలేను, ఆ మోకాళ్లు ప్రస్తుతం నా మాట వినడం లేదు.

"మామూలు పరుగే ఒక పిచ్చి పని, అందులో కొండమీద పరుగేమిటయ్యా?" అని మీరు అడగొచ్చు. మా ఆవిడ కూడా అదే అడిగింది.

"కళ్ల ముందు బస్సు వెళ్లిపోతున్నా పరిగెత్తరు మీరు. కొండెక్కుతారా?" అంది.

పాపం, ఆవిడకు తేడా తెలియదు. బస్సు వెనక పరిగెత్తేవాడికి బస్సు దొరుకుతుందేమోనన్న ఆశ ఉంటుంది. కొండ మీద పరిగెత్తేవాడికి ఏ ఆశా ఉండదు. ఒక గుట్ట ఎక్కి హమ్మయ్య అనుకునేలోపు దాని వెనక ఇంకో గుట్ట నిలబడి ఉంటుంది. అందుకే అది మనిషిని సంస్కరిస్తుంది!

ముందు నేనెవరో చెప్పుకోవాలి. నేను నీళ్ల ఆఫీసులో గుమాస్తాను. అంటే చుట్టుపక్కల వాళ్లందరికీ తాగునీరు సరఫరా చేసే ఆఫీసు అన్నమాట. మేం మాత్రం ఎవరి సీసా వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకుంటాం. మా కుళాయి సంగతి మాకు తెలుసు కదా!

మా ఆఫీసరుగారిని మేం పెద్దసారు అంటాం. వయసులో పెద్ద, హోదాలో పెద్ద, చుట్టుకొలతలో మరీ పెద్ద. రోజూ కాస్త నడవమని ఆయనకు డాక్టరు చెప్పాడు. ఏ పనీ ఒంటరిగా చేసే అలవాటు ఆయనకు లేదు. సంతకం పెట్టాలన్నా పక్కన ఇద్దరు నిలబడాలి. అందుకని డాక్టరు ఆయనకు రాసిన మందు ఆఫీసంతటికీ సర్క్యులర్‌గా వచ్చింది. "సిబ్బంది ఆరోగ్య పరిరక్షణ నిమిత్తం కొండ ప్రాంతంలో క్రాస్ కంట్రీ పరుగు ఏర్పాటు చేయడమైనది. హాజరు స్వచ్ఛందం. రానివారు సంజాయిషీ ఇచ్చుకోవలెను."

ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఎక్కడైనా ఉంటుందా?

అందరికీ తెల్లటి టీషర్టులు పంచారు. వాటి మీద నీలి అక్షరాలతో "ఎంత ఎత్తుకైనా!" అని అచ్చు. నాకు వచ్చింది పెద్దసారు కొలతలకు కుట్టించిన వాటిలో మిగిలిపోయిన ముక్క. అందులో నాతోపాటు మా ఆవిడ కూడా పరిగెత్తవచ్చు.

ఇక ఆ కొండ గురించి. దాని సగం దాకా జీపు వెళ్తుంది. అక్కడ కాస్త చదునైన చోటుంది. ఆ పైన ఉన్నదంతా మనుషులు నడిచి నడిచి అరగదీసిన నిటారు కాలిబాట. ఆ బాట చివర, కొండ నెత్తిన కొన్ని ఇళ్లున్నాయి. అందులో ఒకటి మా అక్కది. బావ తెల్లవారుతూనే క్వారీ పనికి పోతాడు. నీళ్లు కావాలంటే అక్క ఆ బాటంతా దిగి, జీపు ఆగే చోటు కూడా దాటి, దిగువన ఉన్న వాగులో బిందె నింపుకుని మళ్లీ ఎక్కాలి. రోజుకు రెండు పూటలా అంతే. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. ఇక ఎక్కడం, దిగడం మానేయమని డాక్టరు చెప్పాడు. పెద్దసారుకు నడవమంటే ఆఫీసంతా తోడొచ్చింది. అక్కను నడవొద్దంటే ఆవిడ బదులు నడిచేవాళ్లు ఎవరూ దొరకలేదు.

అలాగని మా ఆఫీసు ఊరుకుందనుకుంటున్నారా? ఆ ఇళ్లకు ట్యాంకు మంజూరు చేసింది! వాగులోంచి మోటారు నీళ్లు తోడి ట్యాంకులో పోస్తుంది. ట్యాంకులోంచి గొట్టాల గుండా ఇళ్లకు నీళ్లు వాటంతటవే పారుతాయి. స్థలం ఎంపికకు పెద్దసారు స్వయంగా వెళ్లారు. చదునైన చోట జీపు ఆగింది. ఆయన దిగలేదు. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, వేలు చూపించి "ఇక్కడ" అన్నారు. అంతే, ట్యాంకు అక్కడే అని ఖాయమైపోయింది. ఇళ్లేమో అక్కడికి ఎంతో ఎత్తున ఉన్నాయి.

నీళ్లు కిందికి పారుతాయే తప్ప పైకి పారవని మా ఆఫీసులో ఎవరికీ తెలియదనుకోకండి. అందరికీ తెలుసు! గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకుని అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన చెబుతామా? పెద్దసారు వేలు ఒకసారి బయటికి వచ్చాక దాన్ని లోపలికి పెట్టించే మొనగాడు మా ఆఫీసులో ఇంకా పుట్టలేదు. అక్క మాత్రం కనబడినప్పుడల్లా "ఒరేయ్, నువ్వైనా ఒక మాట చెప్పరా" అనేది. నేను "చూద్దాంలే అక్కా" అనేవాణ్ణి. పరుగు నాటికి అక్కడ పునాదికి ముగ్గు కూడా పోసేశారు. తవ్వడమే తరువాయి.

ఇక పరుగు. మా ఆఫీసులో ఎక్కడా రాయని నియమం ఒకటుంది. పెద్దసారును ఎవరూ దాటకూడదు. వరండాలో ఆయన ముందు నడుస్తుంటే వెనక ఎంత తొందర పని ఉన్నా ఆయన వేగమే మా వేగం. భోజనాల దగ్గర ఆయన చెయ్యి కడిగేదాకా మేం విస్తట్లో వేళ్లు ఆడిస్తూ కూర్చుంటాం. ఇలాంటి ఆఫీసుకు పరుగుపందెం పెడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి!

ఈల మోగింది. పెద్దసారు బయల్దేరారు. వెనక మేమంతా ఉన్నచోటే కాళ్లు ఎత్తి దించుతూ పరిగెత్తాం. ఆయన ఒక అడుగు వేస్తే మేమూ ఒక అడుగు వేశాం. ఆయన ఆయాసపడితే ఆయాసం రానివాళ్లు కూడా ఆయాసపడ్డారు. ఆయన ఒక బండ మీద కూలబడితే మేమంతా సీనియారిటీ ప్రకారం రాళ్లు ఎంచుకుని కూర్చున్నాం. అకౌంటెంటు గారి వంతుకు ముళ్లపొద వచ్చింది. ఆయన హుందాగా దాని మీదే కూర్చున్నారు.

దారి తప్పకుండా మా డ్రాఫ్ట్స్‌మన్ ముందురోజే వచ్చి రాళ్ల మీద సున్నంతో బాణాలు గీసి పెట్టాడు. జీపు ఆగే చోట దారి రెండుగా చీలుతుంది. ఎడమ పక్కది కొండ నడుము చుట్టూ తిరిగి మెల్లగా దిగిపోయే బాట. బాణం అటే చూపిస్తోంది, తలుపంత బాణం! పరుగు ముగిసే చోట, చెట్టు నీడలో, నీళ్ల సీసాలతో వ్యాను మా కోసం ఎదురుచూస్తోంది. కుడి పక్కది మా అక్కవాళ్ల నిటారు బాట.

తల దించుకుని రొప్పుతూ వస్తున్న పెద్దసారు నేరుగా కుడి పక్కకు తిరిగారు.

ఆఫీసంతా కుడి పక్కకు తిరిగింది!

డ్రాఫ్ట్స్‌మన్ బాణం వంక చూశాడు. పెద్దసారు వీపు వంక చూశాడు. మళ్లీ బాణం వంక, అదెవరో గీసినట్టు చూశాడు.

"ఆ బాణం గీసింది నువ్వే కదయ్యా?" అన్నాను.

"నేనేనండీ. కానీ ముందు పోయేది సారు కదండీ!" అంటూ కుడి పక్కకు ఉరికాడు.

కొత్తగా చేరిన టైపిస్టు ఒక్కర్తే, పాపం ఇంకా ఆఫీసు పద్ధతులు తెలియవు, బాణం చూపిన వైపు పరిగెత్తి వెళ్లిపోయింది.

ఆ ఎక్కుడు గురించి ఏం చెప్పమంటారు? మొదట మాటలు ఆగిపోయాయి. తర్వాత తిట్లు కూడా ఆగిపోయాయి. నాలుక పిడచగట్టుకుపోయింది. చివరికి పెద్దసారు నాలుగు కాళ్ల మీద ఎక్కుతుంటే ఆయన వెనక మేమంతా, ఎక్కగలిగిన వాళ్లు కూడా, మర్యాదకు వంగి చేతులు నేలకు ఆనించి ఎక్కాం. సరిగ్గా అదే భంగిమలో మా అక్క వాకిట్లోకి చేరుకున్నాం.

అక్క అప్పుడే రెండో బిందె దించి నడుం పట్టుకుని నిలబడింది. మమ్మల్ని చూసి హడలిపోయింది.

"ఒరేయ్ తమ్ముడూ! ఏమైందిరా? ఎవరు తరుముతున్నార్రా మిమ్మల్ని?"

"ఎవరూ లేరక్కా, ఆరోగ్యం కోసం" అన్నాను. ఆ మాట కూడా గొంతులోంచి సగమే వచ్చింది.

అక్క మరో మాట అడగలేదు. చెంబు ముంచి ఇచ్చింది. ఒక బిందె పెద్దసారు ఒక్కరే ఖాళీ చేశారు. రెండోది మేం పంచుకున్నాం. చాలలేదు. పక్కిళ్ల వాళ్లు వాళ్ల బిందెలు కూడా తెచ్చారు. నీళ్ల ఆఫీసు వచ్చి ఆ ఇళ్లలో ఉన్న నీళ్లన్నీ తాగేసింది! నా చెమట టీషర్టు అక్కడే విప్పి పడేసి బావ చొక్కా తొడుక్కున్నాను.

కాస్త ఊపిరి తీసుకున్నాక పెద్దసారు గుమ్మం ముందు బండ మీద కూర్చుని అడిగారు. "ఈ నీళ్లు ఎక్కణ్ణించి తెచ్చుకుంటారమ్మా?"

"కింద వాగులోంచి సార్. నెత్తిమీద."

"మేం వచ్చిన దారినా?"

"ఇంకో దారి లేదు సార్."

ఆయన కిందికి తొంగిచూశారు. ఎక్కడో పాతాళంలో ముగ్గు గీతలు కనిపించాయి. "ఆ తెల్లగా ఉన్నదేమిటయ్యా?"

"మన ట్యాంకు సార్" అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్.

"అంత కిందా? అక్కడ కడితే నీళ్లు ఇక్కడికెలా వస్తాయయ్యా, బుద్ధుందా? ఏ తలకుమాసినవాడు చూపించాడు ఆ చోటు?"

ఆఫీసంతా ఒక్కసారిగా వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టింది. లేసులు లేనివాళ్లు కూడా వంగారు.

ఎట్టకేలకు డ్రాఫ్ట్స్‌మనే నోరు విప్పాడు. "పొరపాటు కొండదే సార్. జీపులోంచి చూసినప్పుడు ఇంత ఎత్తున్నట్టు కనిపించలేదు."

పెద్దసారు ఆలోచించారు. "అదీ నిజమే" అన్నారు. తర్వాత లేచి నిలబడ్డారు. "ట్యాంకు ఈ ఇళ్లకన్నా పైన ఉండాలి. రాసుకోండి!"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎవరి దగ్గరా పెన్ను లేదు, టీషర్టుకు జేబెక్కడిది? ఉంటేనేం, లేకపోతేనేం? అందరం చప్పట్లు కొట్టాం. అక్క నా చెయ్యి పట్టుకుంది. "నిజంగానేట్రా?" అంది.

"అన్నది పెద్దసారే కదక్కా!" అన్నాను.

ఇప్పుడు చెప్పండి! ఎన్ని అర్జీలు పెట్టినా కదలనిది ఒక్క దాహంతో కదిలిందా లేదా? జీపు ఆగే చోటు దాటించి ఆఫీసరును పైకి లాక్కుపోగలిగింది క్రాస్ కంట్రీ తప్ప ఇంకేదైనా ఉందా? అందుకే అంటున్నాను, ఇది వరమని.

సోమవారం ఆఫీసంతా కుంటుతూ వచ్చింది. బల్ల కింద వేడినీళ్ల బకెట్టులో పాదాలు పెట్టుకుని పెద్దసారు మీటింగు పెట్టారు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి మీటింగులో నేను నోరు తెరిచాను.

"సార్, ఆ ట్యాంకు పైకి మార్చే సంగతి..."

"ఏ ట్యాంకు?"

"నిన్న కొండమీద మీరే అన్నారు సార్."

"ఎండదెబ్బకు మనిషి ఎన్నో అంటాడయ్యా. పైన కడితే పని చూడ్డానికి ఎవరు వెళ్తారు? జీపు వెళ్తుందా? నువ్వెళ్తావా?"

"వెళ్తాను సార్! మా అక్క అక్కడే..."

"అబ్బో, నీ మోకాళ్లు భేషుగ్గా ఉన్నట్టున్నాయే!" అన్నారు పెద్దసారు.

అందరూ నవ్వారు, సీనియారిటీ ప్రకారం. నేను కూర్చున్నాను.

మీటింగు తీర్మానాలు ఇవి. కొండమీద తాగునీటి సౌకర్యం లేనందున వచ్చే ఏడాది పరుగు స్టేడియంలో, చదును నేల మీద. మొదటి బహుమతి అందరికన్నా ముందు నడిచిన పెద్దసారుకు. అనుమతి లేకుండా ఆఫీసును వదిలి వేరే దారిన వెళ్లినందుకు టైపిస్టుకు మెమో!

ట్యాంకు కట్టేశారు. జీపు ఆగిన చోటే కట్టారు, రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు. అక్క ఇంటి ముందు కుళాయి కూడా వచ్చింది. తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది. అక్క ఇప్పుడు వాగు దాకా వెళ్లనక్కర్లేదు, ట్యాంకు దగ్గరే బిందె నింపుకుంటుంది. "నీటి దూరం గణనీయంగా తగ్గినది" అని మా నివేదికలో ఉంది. టైపు చేయించింది నేనే.

మొన్న ఆదివారం అక్కను చూడ్డానికి వెళ్లాను. జీపు ఆగే చోట, ట్యాంకు కింద, అక్క బిందె నింపుతోంది. మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుంది.

"ఇటియ్యి అక్కా, నేను తెస్తాను" అన్నాను.

"నువ్వెక్కలేవులేరా. ఆ రోజు చూశాను కదా" అని నవ్వింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది. "మీవాళ్లు మళ్లీ ఎప్పుడు పరిగెత్తుతారు? ముందుగా చెప్పరా. ఈసారి ఇంకో రెండు బిందెలు ఎక్కువ తెచ్చిపెడతాను."

స్టేడియం సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అక్క భుజం మీది తెల్లగుడ్డ తీసి, గుండ్రంగా చుట్టి నెత్తిన చుట్టకుదురు పెట్టుకుంది. దాని మీదికి బిందె ఎత్తుకుంది. అది నేను విప్పి పారేసిన టీషర్టు. బిందె కింద నలిగి "ఎంత ఎత్తుకైనా!" అన్న నీలి అక్షరాలు బయటికి కనిపిస్తున్నాయి.

ఒక చెయ్యి మోకాలి మీద ఆనించుకుంటూ అక్క ఎక్కడం మొదలుపెట్టింది. నేను వెనకే నడిచాను, ఆవిణ్ణి దాటకుండా. మా ఆఫీసు ఆ కొండకు పంపినవాటిలో అక్కరకొచ్చి పైదాకా చేరుతున్నది ఆ టీషర్టు ఒక్కటే. అది కూడా మా అక్క నెత్తిమీద.