రబియాబీ కిరాయి

పంచాయతీ లెక్కలు రాసే కారోబారు కర్ణాకర్ ఆ పొద్దున వేసుకున్న ప్రణాళిక చిన్నదే. సిద్దిపేట వెళ్లి, హౌసింగు అధికారితో ఒక్క సంతకం పెట్టించుకుని, పదకొండుకల్లా ఊరికి రావాలి. వానకు ఇల్లు కూలిన రబియాబీని పంచాయతీ పోశయ్య ఇంట్లో అద్దెకు ఉంచింది. నిబంధన ప్రకారం అద్దె ముందు పంచాయతీ కట్టాలి. అధికారి సంతకం చేశాక సర్కారు తిరిగి ఇస్తుంది. ఆరు నెలలు కట్టేసరికి పంచాయతీ దగ్గర వీధి దీపాలకు బల్బులు కొనే డబ్బు కూడా మిగల్లేదు. అద్దె రాకపోతే సాయంత్రానికి ఖాళీ చేయాల్సిందేనని పోశయ్య చెప్పేశాడు.

అధికారి కుర్చీలోనే ఉన్నాడు.

"సహాయ నిరాకరణ తమ్మీ. ఆఫీసుకైతే వస్తం, పెన్ను ముట్టం."

"నేను గూడ జై తెలంగాణనే సార్. గీ ఒక్కటి..."

"జై తెలంగాణ అనుకుంట పెన్ను ముట్టుమంటవా?"

అధికారి చాయ్ తెప్పించాడు. కర్ణాకర్ తాగి వచ్చాడు.

దారిలో అతనికి ఉపాయం తోచింది. ఊళ్లో దిగగానే రబియాబీ దగ్గరికి వెళ్లాడు.

"చాచీ, పంచాయతీ హాల్ల ఉండు. కిరాయి ఉండది."

"తాళం ఎవరి దగ్గర ఉంటది బేటా?" అని అడిగింది రబియాబీ.

"నీ దగ్గర్నే."

ఆమె పరుపు, బీడీలు చుట్టే చాట, అన్నం గిన్నెతో హాల్లో గోడవారన కూర్చుంది.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో సర్కారు కట్టడంలో పరుపు వేసుకున్న మనిషిని ఎవరూ ఇంకోలా అర్థం చేసుకునేవారు కాదు. గంటలో ఉద్యమం వాళ్లు దండ వేసి, డప్పు కొట్టి, 'నిరాహార దీక్ష' అని బ్యానరు కట్టేశారు.

"దీక్ష గాదు బిడ్డా, నాకు ఇల్లు లేదు."

"మన కొట్లాట గందుకే గదా చాచీ!"

రబియాబీ అన్నం గిన్నెను మెల్లగా పరుపు కిందికి తోసింది.

సర్పంచ్ బాలనర్సయ్య అద్దె నిబంధనల కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏం జేసినవ్ రా కర్ణాకర్? ఆమె కిరాయింట్ల లేకుంటే పాత పైసలు గూడ రావని గీడ రాసుంది. లేపు!"

"ఎట్ల లేపుత సర్పంచ్ సాబ్? దీక్ష చెడగొట్టిన్రని మన దిష్టిబొమ్మలు కాలవెడ్తరు."

మర్నాడే పంచాయతీ అత్యవసర సమావేశం. హాల్లో రబియాబీ ఉంది. ఊళ్లో ఖాళీగా ఉన్నది పోశయ్య ఇల్లొక్కటే.

"ముసలామెకైతే గా కిరాయి. ఆఫీసుకైతే రెండింతలు" అన్నాడు పోశయ్య.

కుర్చీల కోసం కర్ణాకర్ హాలుకు వెళ్తే రబియాబీ తాళం తీసి, "మల్ల తెచ్చియ్యాలె బేటా" అని హెచ్చరించి మరీ ఇచ్చింది.

పోశయ్య ఇంట్లో జరిగిన ఆ సమావేశం ఎజెండాలో ఒకటే అంశం ఉంది: అద్దె ఖర్చు తగ్గించుట.