గ్యారేజీ గోడకి సర్‌ప్రైజ్ ప్లాస్టరింగ్

భార్యని ఒక్క మాటైనా అడక్కుండా ఆవిడకి మేలు చేసి పారేసే భర్త దొరకడం కన్నా గొప్ప అదృష్టం ఈ లోకంలో ఇంకొకటి ఉందా? లేదు గాక లేదు!

అడిగి చేసేది సాయం. అడక్కుండా చేసేది సర్‌ప్రైజ్. సాయానికి థాంక్స్ చెబితే సరిపోతుంది. సర్‌ప్రైజ్‌కి అలా కుదరదు. కళ్లు పెద్దవి చేయాలి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి, వీలైతే రెండు కన్నీటి బొట్లు రాల్చాలి. అడిగి చేసే మొగుళ్ల ఇళ్లలో ఇంత భాగ్యం ఎక్కడిది చెప్పండి?

ఒకాయన, భార్య పెళ్లికెళ్లి వచ్చేలోగా వంటింటి అలమరలన్నీ తన ఎత్తుకి సరిపడేలా పైకెత్తి బిగించాడు. ఆవిడ ఈ రోజుకీ స్టూలెక్కి ఉప్పు డబ్బా దించుకుంటోంది. ఎంత వ్యాయామం! ఇంకొకాయన భార్య పాత ఫోను ఎవరికో ఇచ్చేసి, కొత్త ఫోను రిబ్బను కట్టి చేతిలో పెట్టాడు. పదేళ్ల ఫొటోలు, నంబర్లు పాతదాంతోనే వెళ్లిపోయాయి. ఎంత ప్రశాంతత!

వీళ్లందరినీ తలదన్నినవాడు ఫినిషింగ్ బావగారు.

ఆ పేరు ఆయన బావమరిది పెట్టాడు. ఊరికే పెట్టలేదు. బావగారు టైల్స్ షోరూంలో సేల్స్ మేనేజరు. ఎవరింటికి వెళ్లినా మనుషుల కన్నా ముందు గోడని పలకరిస్తాడు. అరచేత్తో ఒకసారి నిమిరి, "లప్పం రెండు కోట్లేనా?" అని అడిగి, ఆ తర్వాతే "అంతా కులాసాయేనా?" అంటాడు. సొంత ఇంట్లో హాలు గోడకి నున్నదనం కోసం మూడు కోట్లు లప్పం, రెండు కోట్లు ప్రైమరు పెట్టించి, ఆ పైన 'సముద్రపు నురుగు' అనే రంగు వేయించాడు. ఆ గోడకి ఎవరూ వీపు ఆనించకూడదు. దానికి మేకు కొట్టడమంటే ఆయన గుండెకి కొట్టడమే.

అంతటి మనిషికి ఒకే ఒక్క తలవంపు, గ్యారేజీ. కారు కొనబోతున్నామన్న ఊపులో ఏడేళ్ల కిందట ఇంటి పక్కన కట్టించాడు. కారు రాలేదు. ప్లాస్టరింగూ కాలేదు. కారుకి బదులు స్కూటరు, వాషింగ్ మెషీను వచ్చి చేరాయి. పెద్ద పెద్ద సిమెంటు ఇటుకలు పళ్లికిలించినట్టు అలాగే ఉండిపోయాయి. రోజూ పొద్దున్న స్కూటరు తీస్తూ "ఛీ, బోడి గోడ!" అనుకునేవాడు.

ఆ బోడి గోడని ఒక్క రోజులో నున్నగా చేసి భార్య కళ్లలో వెలుగు చూడాలని ఆయనకి కోరిక పుట్టింది. కోరిక మంచిదే కదా! అందులో వంక పెట్టేవాళ్లకి కళ్లు పోతాయి.

అవకాశం కూడా దానంతటదే వచ్చింది. తల్లి మూడు రోజులు ఉండి వస్తానని కూతురింటికి వెళ్లింది. భార్య ఎనిమిదిన్నరకి ఆఫీసుకి బయల్దేరింది. బావగారు సెలవు పెట్టి, తొమ్మిదికల్లా ఇద్దరు మేస్త్రీలని దింపాడు.

పెద్ద మేస్త్రీ తాపీ కింద పెట్టి గోడ వంక చాలాసేపు చూశాడు. "సార్, ఈ పొడుగు గోడ నిండా సుద్దముక్కతో ఏదో రాసుంది. స్విచ్చి దగ్గర కూడా..."

"ఏముంటుంది? మా అమ్మ బట్టల లెక్కలు రాసుకుని ఉంటుంది. నువ్వు కానీ."

"అమ్మగారిని ఒక మాట అడిగితే..."

"అడిగితే సర్‌ప్రైజ్ ఎలా అవుతుందయ్యా!"

మేస్త్రీ తల గోక్కున్నాడు. ప్లాస్టరింగ్‌కి ముందు గోడని బాగా తడపాలి. ఆయన నీళ్ల పైపు తెచ్చి తను పట్టుకోలేదు, బావగారి చేతికిచ్చాడు. "మీరే కొట్టండి సార్." అనుభవజ్ఞుడు! ఎవరి చేత్తో ఏది కడిగించాలో ముప్ఫై ఏళ్లుగా గోడల మధ్య తిరిగినవాడికి తెలియదా?

బావగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పై వరస నుంచి కింది వరస దాకా ఒక్క ఇటుక వదలకుండా నీళ్లు కొట్టాడు. తెల్లటి నీళ్లు కాలవ కట్టి గేటు కిందుగా వీధిలోకి పోయాయి. "ఎంత దుమ్ము పేరుకుందో చూశావా!" అన్నాడు. మేస్త్రీ చూడలేదు, సిమెంటు కలుపుకుంటున్నాడు.

సాయంత్రం అయిదింటికి మూడు గోడలూ పూర్తయ్యాయి. మేస్త్రీలు చెక్క బద్దతో చదునుగా లాగి, స్పాంజితో రుద్ది, చెయ్యి పెడితే జారిపోయేలా చేసి వెళ్లారు. నేల మీద పడిన సిమెంటు చుక్కల్ని బావగారే గోకి, ఊడ్చి, ఒక బల్బు మార్చి, గేటు దగ్గర నిలబడ్డాడు.

ఆరుంపావుకి భార్య వచ్చింది.

"కళ్లు మూసుకో."

"ఏంటండీ ఇది, చేతిలో సంచీ ఉంది."

"సంచీ నేను పట్టుకుంటా. మూసుకో ముందు."

చెయ్యి పట్టుకుని నడిపించి, గోడ ముందు నిలబెట్టి, "ఇప్పుడు చూడు!" అన్నాడు.

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. నోటికి చెయ్యి అడ్డం వచ్చింది. రెండు కన్నీటి బొట్లు కూడా రాలాయి. ఇక్కడిదాకా అంతా సర్‌ప్రైజ్ శాస్త్రం ప్రకారమే జరిగింది!

"ఎలా ఉంది?" అన్నాడు బావగారు.

"గోడేదండీ?"

"ఇదేగా గోడ!"

"నా గోడ," అంది ఆవిడ. స్కూటరు సీటు మీద అలాగే కూలబడిపోయింది.

ఆవిడ నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. ఇరవై ఏళ్ల సర్వీసు. సూపర్‌వైజరు పరీక్ష ఇప్పటికి రెండుసార్లు రాసింది. రెండుసార్లూ రూల్స్ పేపరే ముంచింది. రెండోసారి రెండంటే రెండు మార్కులతో పోయింది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న పిల్ల పాసై, ఇప్పుడు ఆవిడ సెలవు చీటీల మీద సంతకాలు పెడుతోంది. నలభై నాలుగు దాటితే పరీక్ష రాయనివ్వరు. ఆవిడకి నలభై నాలుగు. ఇదే ఆఖరిసారి, పరీక్షకి ఇంకా ఎనిమిది రోజులుంది.

ఆరు వందల పేజీల రూల్సు పుస్తకం చదివితే బుర్రకెక్కేది కాదు. గ్యారేజీ గోడ మీద ఇటుకకొక రూలు రాస్తే ఎక్కింది. పన్నెండు వరసలు. నూట యాభై నిండు ఇటుకలు, వరస విడిచి వరసలో చివర్లకి పన్నెండు సగం ఇటుకలు. నిండు ఇటుకల మీద రూల్సు, సగం ఇటుకల మీద మినహాయింపులు. తొమ్మిది నెలలుగా రోజూ తెల్లారగట్ల ఆయన నిద్ర లేచేలోగా రాసుకున్న రాత అది. పరీక్షలో ప్రశ్న చూడగానే కళ్లు మూసుకుంటే చాలు, ఏ వరసలో ఎన్నో ఇటుకో కనబడాలి.

ఈ పరీక్ష సంగతి బావగారికి తెలియదా అంటే, తెలుసు. "ఈసారి గట్టిగా చదువు" అని భుజం తట్టాడు కూడా. ఎక్కడ చదువుతోందని మాత్రం అడగలేదు.

"పుస్తకం ఉంది కదా!" అన్నాడు, సంచీ ఇంకా చేతిలోనే పట్టుకుని. "అందులోంచి మళ్లీ రాసుకోవచ్చు. నేను రాసిపెడతా."

"తొమ్మిది నెలలు పట్టిందండీ."

"కొంతైనా గుర్తుండే ఉంటుందిగా?"

"పొద్దున్నదాకా ఉంది," అంది ఆవిడ.

అరిచి ఉంటే బాగుండేది. గిన్నె విసిరినా తేలిగ్గా ఉండేది. ఆవిడ అవేమీ చేయకుండా లోపలికెళ్లి, చీర మార్చుకుని, ఆయనకి భోజనం వడ్డించింది. బావగారు సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలో మొదటి వాక్యం పదకొండు లైన్లుంది. క్రియాపదం దగ్గరికి వచ్చేసరికి కర్త ఎవరో మర్చిపోయాడు. పుస్తకం మూసి తల్లికి ఫోన్ చేశాడు.

పెద్దావిడ మధ్యాహ్నానికల్లా దిగింది. చేతికర్రతో గ్యారేజీలోకి నడిచి, కొత్త గోడని పైనుంచి కిందికి చూసింది.

"నీళ్లు ఎవరు కొట్టార్రా?"

"నేనేనమ్మా."

"బాగా కొట్టావా?"

"బాగానే కొట్టాను."

"ఏం చేసినా బాగానే చేస్తావులే," అని వెనక్కి తిరిగింది. "అమ్మాయ్! ఆఫీసుకి వెళ్లకుండా మంచి పని చేశావు. లేచి రా. చెప్తాను, రాసుకో."

బావగారికి తెలియని ఇంకో సంగతి ఉంది. ఆ తెల్లారగట్ల చదువులకి ఎగ్జామినరు ఆయన తల్లే! ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, కర్రతో ఏదో ఒక ఇటుక చూపించేది. కోడలు కళ్లు మూసుకుని అప్పజెప్పేది. పెద్దావిడ చదివింది అయిదో తరగతి. అయితేనేం? తొమ్మిది నెలలు వింటే గోడకి కూడా వచ్చేస్తుంది.

"తడి ప్లాస్టరింగ్ మీద వారం దాకా ఏమీ రాయకూడదమ్మా," అన్నాడు బావగారు.

"హాల్లో గోడ ఉందిగా."

"అమ్మా! అది మూడు కోట్ల..."

"స్కేలు తెచ్చుకుని గీతలు కొట్టు. పదహారు అంగుళాల పొడుగు, ఎనిమిది ఎత్తు. అమ్మాయ్, సుద్దముక్క వద్దు. చెరగని పెన్ను తీసుకో. సుద్దముక్కతో రాస్తే ఎవడో ఒకడు నీళ్లు కొడతాడు."

బావగారు సముద్రపు నురుగు మీద పెన్సిలు పెట్టాడు. వెనక్కి తీశాడు. మళ్లీ పెట్టాడు. మొదటి వరస గీసి, రెండో వరస కూడా దానికి సరిగ్గా కిందే గీయబోతే కర్ర నేల మీద టకటకలాడింది.

"రెండో వరస సగం ఇటుకతో మొదలవుతుంది. మరి మినహాయింపులు ఎక్కడ రాస్తుందీ, నీ నెత్తిన?"

చెరిపి మళ్లీ గీశాడు. పెద్దావిడ సోఫాలో కూర్చుని కళ్లు మూసుకుంది.

"మొదటి వరస, మొదటి ఇటుక. కుళాయి కనెక్షను కోరు దరఖాస్తు అందిన పదిహేను దినములలోగా స్థల తనిఖీ జరపవలెను."

"దానికి మినహాయింపు రెండో వరస మొదట్లో," అంది కోడలు. పొద్దుట్నించీ ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. "ఆదివారములు లెక్కలోనికి రావు."

"అదీ! వస్తోంది చూడు."

వచ్చింది. అత్తగారు సగం చెబితే కోడలు మిగతా సగం అందుకుంది. మధ్య మధ్య అత్తగారు తడబడితే కోడలు దిద్దింది. రెండు రోజులు పట్టింది. బావగారు స్టూలెక్కి, దిగి, మళ్లీ ఎక్కి గీతలు గీశాడు, టీలు పెట్టాడు.

"ఏడో వరస, మూడో ఇటుక," అంది పెద్దావిడ. "యజమానికి ముందుగా నోటీసు ఇవ్వకుండా గోడను గాని, నేలను గాని ముట్టరాదు."

బావగారు స్కేలు దించి వెనక్కి తిరిగాడు.

"నేను గీతలు గీస్తున్నానమ్మా," అన్నాడు బావగారు.

"నేనేం అన్నానా? వింటూ గియ్యి."

చివరి వరస అయ్యాక పెద్దావిడ కళ్లు తెరిచింది. "స్విచ్చి పైన ఇంకొకటి ఉండాలి."

"అది సిలబస్సు కాదులే అత్తయ్యా. వదిలేయండి."

"వదిలేదేముంది? 'ఏవండీ, పరీక్ష అయ్యేదాకా ఈ గోడ జోలికి రావద్దు.' మూడు నెలల కిందట రాసింది. నీకు చెబితే చెవికెక్కదని, రోజూ నువ్వు నొక్కే స్విచ్చి పైనే రాసింది."

బావగారి పెన్సిలు ఆగిపోయింది. ఆ స్విచ్చి ఆయన మూడు నెలల్లో ఎన్నిసార్లు నొక్కి ఉంటాడు? మేస్త్రీ వచ్చిన అయిదు నిమిషాల్లో చదివేశాడు.

"నేను స్విచ్చే చూస్తానమ్మా," అన్నాడు చిన్నగా.

భార్య చేతిలోంచి పెన్ను తీసుకుని, హాలు స్విచ్చి పైన ఆ వాక్యం తనే రాశాడు. 'ఏవండీ' దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, అది కూడా రాశాడు.

పరీక్ష అయింది. నెల తిరక్కుండా ఫలితాలొచ్చాయి, ఆవిడ పాసైంది. రూల్స్ పేపర్లో ఎనభై ఎనిమిది! పెద్దావిడ మిగతా పన్నెండు మార్కులు ఏ ఇటుక దగ్గర పోయాయోనని రెండు రోజులు గోడంతా కర్రతో వెతికింది.

చూశారా? ఆ రోజు ఆయన నీళ్లు కొట్టబట్టేగా రూల్సన్నీ రెండోసారి రాయడం, బుర్రలో పాతుకుపోవడం! బావమరిదితో ఈ ముక్క అనబోయి, తల్లి అటే చూస్తుంటే బావగారు దగ్గుతో సరిపెట్టుకున్నాడు.

ఆ వచ్చే ఆదివారం ఆయన షోరూం నుంచి రంగుల పుస్తకం తెచ్చాడు. ఏ రంగుకీ టిక్కు పెట్టలేదు, ఏ మేస్త్రీకీ ఫోన్ చేయలేదు. నేరుగా భార్య దగ్గరికి వెళ్లాడు.

"హాలుకి ఏ రంగు వేయిద్దాం?"

ఆవిడ చేతిలోని చెంబు కింద పడింది. ఆ చప్పుడుకి పెద్దావిడ కర్ర కూడా మరిచిపోయి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందే?"

"ఆయన అడిగారు అత్తయ్యా."

"ఏమడిగాడు?"

"ఏ రంగు కావాలని."

పెద్దావిడ కళ్లు పెద్దవి చేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోడలు రంగుల పుస్తకం అందుకుని ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది. ఆకుపచ్చ దగ్గర ఆగింది, వెనక్కొచ్చింది, మళ్లీ ముందుకెళ్లింది. తనకి ఏ రంగు ఇష్టమో ఆవిడకే తెలియలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో ఇంతవరకు ఎవరూ అడగలేదు మరి!

"రెండు రోజులు టైమివ్వండి," అంది. "ఆలోచించుకుని చెప్తాను."