రిబ్బను కింద స్కానింగు

మా పట్నం ప్రభుత్వాసుపత్రిలో సీటీ స్కాన్ యంత్రం దివ్యంగా పనిచేస్తోంది కనుక దాన్ని ఎవరూ వాడరాదని సూపరింటెండెంటు లక్ష్మీనరసింహం గారు ఉత్తర్వులిచ్చారు. కారణం, ప్రారంభోత్సవం కాలేదు. మొదట మంత్రిగారికి తీరిక లేదు. తీరిక చిక్కేసరికి ఆషాఢం వచ్చింది. ఆషాఢం పోయేసరికి తీరిక పోయింది. గది గుమ్మానికి ఎర్ర రిబ్బను మాత్రం నిష్ఠగా కాపలా కాస్తోంది.

అలాంటి శుభసమయంలో, చేపల వేటకెళ్లిన వీరబాబు పడవలో జారిపడి తల పగలగొట్టుకున్నాడు. వాంతులు, మగత. డ్యూటీ డాక్టరు స్కాన్ రాసి, కాకినాడ దారి చూపించాడు.

"ఇక్కడే ఉంది కదండీ మెషిను!" అంది భార్య తలుపులమ్మ.

"ఇంకా ప్రారంభం కాలేదమ్మా."

"మా ఆయనకి ప్రారంభమైపోయిందండి మరి!"

ఈ మాట లోవలక్ష్మి చెవిన పడింది. ఆ యంత్రాన్ని బిగించింది, నడపాల్సింది, చెడితే బాగుచెయ్యాల్సింది ఈ ఇంజినీరే. తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి పరుగెత్తింది.

"సార్, మెషిను పాడైందండి."

ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టేశారు. "మంత్రిగారొచ్చేలోగా బాగుచేసెయ్యమ్మా!"

"చేస్తానండి. కానీ టెస్ట్ చెయ్యాలంటే ఓ మనిషి తల కావాలండి."

"ఎవరిదో ఒకరిది పెట్టుకో. నాది మాత్రం అడక్కు."

పనిచేసే యంత్రాన్ని వాడటం నేరం. చెడిన యంత్రాన్ని పరీక్షించడం విధి. రిబ్బను తెగకుండా స్ట్రెచరును కిందనుంచి దూర్చారు. తలలో గడ్డకట్టిన రక్తం కనబడింది. స్కాన్ చేతిలో ఉంది కనుక కాకినాడలో నేరుగా ఆపరేషను గదిలోకే తీసుకెళ్లారు. వీరబాబు బతికాడు.

కబురు పాకింది. ఆనాటి నుంచి యంత్రం రోజూ చెడిపోసాగింది. రోగులు గుమ్మంలోనే, "ఇవాళ పాడైందాండీ?" అని ఆశగా అడిగేవారు.

"ఆయ్, పొద్దున్నే పాడైపోయిందండి" అని ఆయా రత్తమ్మ చెబితే దణ్ణం పెట్టుకునేవారు.

చివరికి మంత్రిగారు విచ్చేసి రిబ్బను కత్తిరించారు. లక్ష్మీనరసింహం గారు మైకు అందుకున్నారు.

"ఇంత ఖరీదైన యంత్రం ఒకే ఒక్క ఇంజినీరు చేతిలో రోజుకోసారి చెడిపోయింది! ఆ చేతిని తక్షణం బదిలీ చేయించిన మంత్రివర్యుల కార్యదక్షతకు..."

చప్పట్లకు షామియానా అదిరింది. ముందు వరసలో కూర్చున్న వీరబాబు ఈల కూడా వేశాడు.

అది మొదలు యంత్రం ఒక్కసారి కూడా చెడలేదు. నడిపేవాళ్లు లేరు కనుక గదికి తాళం పడింది. మొన్న వీరబాబుకి మళ్లీ స్కాన్ రాశారు. చప్పట్లు కొట్టిన చేతితోనే కాకినాడ బస్సు ఆపాడు. సీటు దొరకలేదు. అతనితోపాటు చప్పట్లు కొట్టిన మనమందరం అప్పటికే ఎక్కి కూర్చున్నాం.