డెల్బర్ట్ ఎనిమిదో చొక్కా

అమెరికాలోని ఓజార్క్ కొండల్లో ఆ వసంతపు టర్కీ కోళ్ల వేటకి అదే ఆఖరి రోజు. తెల్లవారకముందే చెట్టు కింద కూర్చోవాలి, పుంజును కొట్టాలి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. డెల్బర్ట్ పథకం ఇంతే. ఏడేళ్లుగా ఇదే పథకం.

గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి, పేరు రాసి, వేటగాళ్ల క్యాబిన్ గోడకు మేకుతో కొట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ గోడ మీద డెల్బర్ట్‌వి ఏడు ముక్కలున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు కర్టెన్ అనుకుంటారు. ఎనిమిదోది పడితే వేట మానేస్తానని కిందటేడు అందరి ముందూ నోరు జారాడు. వేట లేని వసంతాన్ని తలచుకుంటేనే అతనికి దిగులు పుట్టేది.

పైగా చలికాలంలో భుజానికి ఆపరేషన్ అయింది. పేలినప్పుడు తుపాకీ భుజాన్ని తన్నకూడదని డాక్టరు గట్టిగా చెప్పడంతో, తన్నని గాలి తుపాకీ కొన్నాడు. అందులో గాలి నిండాలంటే పంపు మూడు వందలసార్లు కొట్టాలి. కొట్టడం పూర్తయ్యేసరికి, ఏ భుజాన్ని కాపాడుకుందామనుకున్నాడో ఆ భుజమే పైకి లేవనని మొరాయించింది.

భార్య నోరీన్ గళ్ల చొక్కా ఒకటి అందించింది. "ఇది వేసుకో. దీన్ని కోసేసినా నాకేం బెంగ లేదు."

"అంటే, తప్పుతుందనేనా?"

"నేనేమన్నాను? కాఫీ చల్లారిపోతోంది, తాగు."

అడవిలో ఓక్ చెట్టుకు ఆనుకుని, పలక మీద పుల్లతో గీకుతూ పెట్టలా కూత పెట్టాడు. పక్క పొదలోంచి జవాబు వచ్చింది. గోముగా కూశాడు. అటునుంచి ఇంకా గోముగా వచ్చింది. పెట్ట ఉన్నచోటికి పుంజు రాకపోదని గంటన్నర సేపు దాన్ని బతిమాలాడు.

ఇంతలో కాళ్ల దగ్గర 'స్స్స్' అని వినబడింది. పామనుకుని డెల్బర్ట్ బిగుసుకుపోయాడు. ముక్కు మీద దోమ కుట్టినా కదల్లేదు. ముప్పావుగంటకు చప్పుడు ఆగింది. పాము వెళ్లిపోయిందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. వెళ్లిపోయింది తుపాకీలో గాలి.

అప్పుడొచ్చింది పుంజు, ఇరవై అడుగుల్లోకి. డెల్బర్ట్ మీట నొక్కాడు. తుపాకీ 'ఫుస్' అంది. సీసపు గుళ్లు గొట్టం చివర నుంచి జారి ఎండుటాకుల్లో పడ్డాయి. పేలుడు లేదు కనుక పుంజుకి భయం లేదు. దగ్గరికొచ్చి, గింజేమోనని ఒకదాన్ని పొడిచి చూసి, రుచించక తన దారిన పోయింది.

పక్క పొదలోంచి నోరీన్ అన్న ఆర్లో లేచాడు. జన్మలో గురి తప్పని మనిషి.

"నువ్వా బావా? ఇంతసేపూ నేను కూసింది నీకా?"

"నువ్వెందుకు పలికావు?"

"అంత ప్రేమగా పిలుస్తుంటే ఉండబట్టలేదు."

క్యాబిన్‌లో ఆర్లో కత్తెర తీశాడు. "గుళ్లు బయటికొచ్చాయి, పుంజుకి తగల్లేదు. తప్పినట్టే కదా."

డెల్బర్ట్‌కి వాదించే ఓపిక లేదు, ఏడుపొక్కటే తక్కువ. కోటు విప్పి వెనక్కి తిరిగాడు. ఆర్లో హుషారులో అంచుతో ఆగక నడుం దాకా కత్తిరించేశాడు. ముక్కను వెలుగులో పట్టుకున్నాక అతని మొహం వాడిపోయింది.

"బావా, ఈ చొక్కా ఎక్కడిది?"

"మీ చెల్లెలిచ్చింది."

ఈస్టర్ భోజనంలో పులుసు ఒలికితే, ఉతికిపెట్టమని చెల్లెలికిచ్చి మరిచిపోయిన ఆర్లో సొంత చొక్కా అది. పెళ్లిరోజుకి అతని భార్య స్వయంగా కుట్టింది.

క్యాబిన్‌లో అందరికన్నా పెద్దవాడు హోబర్ట్ తాత గొంతు సవరించుకున్నాడు. "గోడ మీద రాసేది చొక్కా ఎవరిదో వాళ్ల పేరు. మా నాన్న కాలం నుంచీ అంతే. రాయి ఆర్లో, నీ పేరే."

ఆ రకంగా డెల్బర్ట్‌కి మరో ఏడాది వేటాడే హక్కు మిగిలింది, అంటే పంపు ఇంకో మూడు వందలసార్లు కొట్టాలి.