పత్తిగింజల పరిశోధకురాలు

రెండు వందల ఏళ్ల కిందట యూరపు స్త్రీలకు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దే బాధ్యతను చరిత్ర చివరికి ఎమ్మిగనూరు మీద మోపింది! ఆ సంగతి మోసుకొచ్చిన పోస్టుకార్డు మంగళవారం మధ్యాహ్నం సంతోషమ్మ చేతికందింది. "విజ్ఞానశాస్త్రంలో స్త్రీలు" అన్న ఆమె ఉపన్యాసానికి ఆదోనిలోని ఒక పఠనమందిరం వారు ఒప్పుకున్నారు. ఆదివారం సభ.

బి.ఏ. పాసై ఏడాది, పెళ్లయి నలభై రోజులు. సంతోషమ్మ ఆ కార్డును ముద్దు పెట్టుకుంది. సాయంత్రం బడి నుంచి వచ్చిన మొగుణ్ణి, లెక్కల మాస్టరు కృపానందాన్ని కూడా. కార్డుకే రెండు ఎక్కువ పడ్డాయి.

అప్పుడు చూసింది. "శ్రీమతి కృపానందంగారి ఉపన్యాసం" అని నోటీసులు అచ్చేయిస్తున్నామని ఉంది కార్డులో.

"నా పేరేదండీ?"

"నా పేరుంది కదా సంతోషం, ఇద్దరికీ సరిపోతుందిలే."

అంతే! మొగుడి రసాయన గ్రంథానికి బొమ్మలన్నీ తానే గీసినా అట్ట మీద పేరు లేని ఇల్లాలి గురించి, ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టి కూడా లోకానికి ఫలానా ఆయన చెల్లెలుగానే మిగిలిన ఆవిడ గురించి, అన్నం చల్లారేదాకా విన్నాడు కృపానందం. మర్నాడే ఆదోని పోయి నోటీసులు మార్పించాడు. వస్తూ వస్తూ జిన్నింగు మిల్లు నుంచి శేరు పత్తిగింజలు తెచ్చాడు.

"ఒక ప్రయోగం చూపించు. సభ నిద్రపోదు."

మునిగితే మంచి గింజ, తేలితే తాలు గింజ. పుస్తకంలో అంత తేలిగ్గా ఉంది. గంగాళంలో పోస్తే శేరూ తేలింది! ఇంటికి నీళ్లు పోసే బసమ్మ, హొళగుంద చేలల్లో పుట్టి పెరిగిన మనిషి, పడీపడీ నవ్వింది.

"పేడనీళ్లలో రుద్దకుంటే యాడ మునుగుతాయమ్మా? నూగులో గాలి ఉంటాది. అది అణగల్ల."

రుద్దితే మునిగాయి. సంతోషమ్మ వెంటనే ఉపన్యాసంలో రాసుకుంది.

శనివారం సాయంత్రానికి "శ్రీమతి సంతోషమ్మ, బి.ఏ." అన్న నోటీసు గోడ మీద, అద్దం పక్కన అతుక్కుంది. అద్దం కంటే దాన్నే ఎక్కువ చూసుకుంటోంది. ఉపన్యాసం మొత్తం బసమ్మకు చదివి వినిపించింది. తోకచుక్కల దగ్గర బసమ్మ "అయ్యో పాపం, పేరే సెప్పల్యా!" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. సంతోషమ్మ గొంతు పెంచింది. "పేడనీళ్లలో రుద్దితే గింజ మునుగుతుందని నా పరిశోధనలో తేలింది!"

బసమ్మ ముఖం వెలిగిపోయింది.

"మీకూ తెల్సునా అమ్మా? నేనే సెప్పినానని అనుకుంటి!"

కృపానందం దగ్గాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది, కనీసం పోట్లాడవచ్చు! ఉపన్యాసంలోని యూరపు మొగుళ్లందరూ వరుసగా నిలబడి "రండి, కూర్చోండి" అని తనకు చోటు జరిపినట్టనిపించింది సంతోషమ్మకు.

నోటీసు పీకి, కలం తీసి, తన పేరు పైన "బసమ్మ" అని రాసింది.

"రేపు మొదటి బస్సుకు ముగ్గురం ఆదోని పోదాం. ప్రయోగం చేసేది బసమ్మ. చెప్పేదీ బసమ్మే."

"ఓయమ్మా, అంతమంది ముందర నేనా!"

"మరి నువ్వేం చేస్తావు, సంతోషం?" అన్నాడు కృపానందం.

"పేడబుట్ట మోస్తాను." నోటీసు వైపు చూసింది. "బి.ఏ. మాత్రం ఉండనీండి."